ఏటిగట్టు కాపలాకు ఎట్టి కత్తి కావలెను?

(పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడునని మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆ వేళ ఏటిగట్టు మీద రాత్రింబవళ్ళు కాపలా తిరుగు లస్కర్లకును, గ్రామ యువకులకును ఇసుక బస్తాలు, టార్చిలైట్లు, తాళ్ళు, పడవలు సమకూర్చవలెనని పంచాయతీలలో అనుకొనుచునే యుందుము. కత్తి మాట మాత్రము ఎవరికిని తోచదు. కత్తి లేని ఇల్లుండునా యని మన ధీమా. ఆ ధీమా ఎంతవరకు తగునో నేడు మీతో విచారింప దలచినాము.

1986 ఆగస్టు 16వ తేదీన ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. 2022 జూలైలో 25 లక్షలు దాటినది. అట్టి వరదలో లంక మీదికి నీరెక్కుటకు ఎంతో సేపు పట్టదు. పాకలో గుంజకు కట్టిన గేదె బెదరి గుంజుకొనిన కొలదియు పలుపు ముడి బిగియును. అది నేటి నైలాను పలుపైనచో, తడిసి బిగిసిన ముడిని చీకటిలో విప్పుట వ్రేళ్ళకు శక్యము కాదు. ఈదగల పశువు ఈదుటకు వీలులేక గుంజ వద్దనే మునుగును. చెట్టునకు కురుచగా కట్టిన పడవ నీరు పెరిగిన కొలది ముక్కు క్రిందికి లాగబడి నిండిపోవును. కొట్టుకొనివచ్చిన వలలో కాలు చిక్కిన మనిషి సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ మూడింటను రక్షించువానికి చిక్కునది కొద్ది క్షణముల వ్యవధి.

ఒకే కత్తి అన్ని పనులకును చాలునను తలపును మొదట విడువవలెను. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానులో కోనసీమలో లక్షలాది కొబ్బరిచెట్లు కూలినవి; వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. దారికి అడ్డముగా పడిన మానులను తొలగించుటకు గొడ్డలి, రంపము, బరువైన కొబ్బరి కత్తి కావలెను. వానిని మన కమ్మరులే చక్కగా చేయుదురు. లారీ కమాను పట్టాతో చేసి, సరిగా పాను పట్టిన కత్తికి మేము వంక పెట్టము. అయితే ఆ కత్తినే నీటిలో కొట్టుకొనుచున్న మనిషి రొమ్ము దగ్గరకు కొనిపోవుట ప్రమాదము. ప్రవాహము తోయుచుండును, పడవ ఊగుచుండును, మునుగువాడు చేతికి దొరికినదెల్ల పట్టుకొనును. అప్పుడు త్రాటికన్న ముందు తెగునది వాని చర్మమే.

కావున కాపలాదారుని నడుమున నుండు కత్తికి మొన యుండరాదు. ఇది మేము గట్టిగా చెప్పుమాట. దుకాణములో వాడిమొన కత్తి చూచుటకు శూరత్వముగా నుండును. కొనువాని మనసు దానిమీదికే పోవును. పూర్వపు ఓడ కళాసీలు మాత్రము గొఱ్ఱెడెక్క వలె మొద్దుగా ముగియు కత్తులనే వాడెడివారు. ఊగు ఓడపై తాడు కోయుచు తోటివానిని పొడువకుండుటకే ఆ ఏర్పాటు. నేడు పలు దేశముల జలరక్షణ దళములును ఆ కారణముచేతనే మొద్దుమొన కత్తులను కోరుచున్నవి.

ఇక వాదర. నున్నని వాదర కొబ్బరినార త్రాటిని చక్కగా తెంచును గాని, తడిసిన నైలాను మీదను, వల పోగుల మీదను జారిపోవును. మన కక్కుకొడవలిని చూడుడు: జారు వరిదుబ్బును పట్టి కోయుటకే దానికి కక్కులు పెట్టినారు. కత్తికిని ఆ న్యాయమే. వాదరలో పిడివైపు సగము కక్కులతోను, మిగిలిన సగము నున్నగాను ఉండుట మేలు. కక్కుకొడవలినే తీసికొనిపోరాదా యని మీరడుగవచ్చును. వంపు తిరిగిన దాని మొన మనిషికి తగులును, అందుచేత వద్దు.

మడత కత్తి పనికిరాదు. కీలులో ఒండ్రు చేరినచో తెరచుకొనదు. తెరచుకొన్నను బలము పెట్టినప్పుడు వ్రేళ్ళమీదికి మూసికొనవచ్చును. అలుగు నాలుగైదు అంగుళములు చాలును. అలుగు ఇనుమే పిడి చివర వరకు సాగి, రివెట్లతో బిగింపబడి యుండవలెను. పిడి గరుకుగాను, ఎఱ్ఱని లేక నారింజ రంగుగాను ఉన్నచో బురదలో పడినను కనబడును. తోలు ఒర తడిసిన తరువాత చెమ్మను పట్టియుంచి కత్తిని త్రుప్పు పట్టించును; అడుగున రంధ్రముగల ప్లాస్టిక్ ఒర మంచిది. అంతర్వేది, ఓడలరేవు వంటి ఉప్పునీటి గ్రామములవారు స్టెయిన్‌లెస్ ఉక్కునే కోరవలెను. తక్కినచోట్ల కొబ్బరినూనె పూసి తుడిచినచో మామూలు ఉక్కయినను నిలుచును.

ధర చూచి గాని, పెట్టెమీది బొమ్మ చూచి గాని కొనవలదు. ముందుగా ఒక్కటే తెప్పించుడు. తడిసిన నైలాను పలుపును గుంజకు బిగించి, చేతులకు సబ్బునీరు రాసికొని, కాపలాకు పోవు మనిషి చేతనే కోయించుడు. రెండు మూడు లాగులలో తెగవలెను. పిడి చేతిలో తిరుగరాదు. తరువాత వల ముక్కను కోయించుడు. ఆ పరీక్షలో నెగ్గిననాడే మిగిలినవి కొనుడు. జంటగా తిరుగు ఇద్దరిలో ప్రతివానికిని ఒకటి ఉండవలెను. ఎవడు చిక్కుపడునో ముందుగా తెలియదు గదా.

వాడుకను కూడ నేర్పవలెను. పశువు పలుపును మెడ దగ్గర కాక గుంజవైపున కోసి, మెడకు మూరెడు మాత్రమే మిగుల్చవలెను. పొడవుగా వ్రేలాడు పలుపు కంపకు తగులుకొని తిరిగి ఉరియగును. మనిషి చిక్కుకొనినచో వాదరను వాని ఒంటినుండి బయటికి త్రిప్పి కోసి, కత్తిని ఒరలో పెట్టిన తరువాతనే రెండవ చేయి అందింపవలెను. బిగిసియున్న పడవ త్రాడు తెగగానే కొరడావలె వెనుకకు కొట్టును. దాని దారిలో నిలువరాదు. కాలువలో పడిన కారునుండి మనుషులను తీయునప్పుడు సీటు బెల్టును భుజము దగ్గర, బిగువుగా నున్నచోట కోయవలెను. తెగిపడిన కరెంటు తీగను, పిడి ప్లాస్టిక్‌దే అయినను, కత్తితో తాకరాదు. వరదకు గట్టెక్కిన పామును ఈ కత్తితో కొట్టబోవువాడు తన చేతిని దాని నోటికి అందించినట్లే.

1959 నాటి ఆయుధముల చట్టము గృహ, వ్యవసాయ అవసరములకే ఉద్దేశించిన పనిముట్లను ఆయుధములుగా ఎంచదు. ఈ కత్తి ఆ కోవలోనిదా కాదా యని నడివీధిలో వాదించుటకన్న, ప్రతి కత్తికిని సంఖ్య వేయించి, పంచాయతీ స్టాకు రిజిష్టరులో వ్రాసి, పోలీసు స్టేషనునకు ముందుగా తెలియజేయుట మంచిది. వరద తగ్గగానే వానిని తిరిగి తీసికొని, మంచినీటితో కడిగి, ఆరబెట్టి, పంచాయతీ కార్యాలయములో తాళము వేసి ఉంచవలెను. తాళముచెవి గట్టుకు దగ్గరనున్న సభ్యుని ఇంట ఉండవలెను. గోదావరి వరదలకు ముందు జూనులో ఒకసారి, తుపానుల కాలమునకు ముందు సెప్టెంబరు చివర మరియొకసారి ఒరలనుండి తీసి, సాన పట్టించి, తడి పలుపుమీద పరీక్షించి, ఆ తేదీని రిజిష్టరులో వ్రాయింపుడు.