చెఱిగిన డిస్కున మిగిలిన పాటలు

వడమాలపేట ప్రాంతమున నేను సేకరించిన పల్లెపాటలను కంప్యూటరు డిస్కున నొక భాగమునందు భద్రపఱచితిని. మా మనుమఁడు లినక్సు వ్యవస్థను నెలకొల్పుచుఁ బొరపాటున నా భాగముపైనే వ్రాసెను. నా గుండె జాఱెను.

అయినను, హద్దులు దెలుపు పట్టిక చెడినమాత్రమున లోనిదంతయు నశింపదు; విషయసూచిక చినిగినను బుటలుండును గదా! వెంటనే వ్రాఁత నాపి, డిస్కునకుఁ బూర్తి ప్రతిని వేఱొక డిస్కులోఁ దీసితిమి. ఆ ప్రతిపైనే టెస్ట్‌డిస్క్ అను సాధనముతోఁ బాత హద్దులు వెదకితిమి. పిమ్మట ఫోటోరెక్ అనునది దస్త్రముల మొదటనుండు గుర్తులనుబట్టి వానిని వెలికిఁ దీసెను. దస్త్రముల పేర్లు పోయినవి. పాటలు చాలవఱకు దక్కినవి.

క్రొత్త వ్రాఁత పడినచోటి పాటలు మాత్రము తిరిగి రాలేదు. వానిని బాడిన యవ్వలు నేఁడు లేరు. కావున దేనినైనను రెండుచోట్ల నుంచుఁడు. సెలవు.