గుడ్డు నుంచి పిల్ల దాకా – 21 రోజుల డ్యూటీ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "రిటైరయ్యాక కాలక్షేపం" మీద మాట్లాడమన్నారు. యోగా గురించి, తోటపని గురించి చెప్పగలిగినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేను కోడిగుడ్ల గురించి చెప్తాను. నవ్వకండి. ఇంట్లో చిన్న పెట్టెలో గుడ్లు పొదిగించి పిల్లల్ని లేపడం ఎలాగో, కొత్తవాళ్లకు పనికొచ్చేంత వరకు చెప్పి కూర్చుంటాను.

మన ఊళ్లల్లో ఈ పని అమ్మమ్మలు చేసేవారు. పెట్ట పొదుగుకొచ్చిందంటే గంపలో గడ్డి పరిచి, పదో పన్నెండో గుడ్లు పెట్టి, చీకటి మూల కూర్చోబెట్టేవారు. ఆ తర్వాత పనంతా పెట్టదే. ఎంత వేడి కావాలో, గుడ్డు ఎప్పుడు తిప్పాలో దానికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. మనం ఇంక్యుబేటర్ పెట్టామంటే ఆ పెట్ట డ్యూటీకి చార్జి తీసుకున్నట్టే. 21 రోజులు సెలవు ఉండదు.

ముందు గుడ్ల సంగతి. కొట్లో దొరికే తెల్ల ఫారం గుడ్డు ఎన్నాళ్లు పొదిగినా పిల్ల కాదు, ఆ ఫారాల్లో పుంజులే ఉండవు కనుక. పుంజు తిరిగే మందలోంచి నాటు గుడ్లు తెచ్చుకోవాలి. లేదంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలున్నాయి, పెరటి పెంపకానికి బాగుంటాయి. గుడ్డు పెట్టి వారం దాటకూడదు. ఫ్రిజ్‌లో పెట్టినవి వద్దు. కడగనే వద్దు, పెంకు మీదుండే సహజమైన పూత పోతే క్రిములు లోపలికి పోతాయి.

పెట్టె తయారీ కష్టమేం కాదు. థర్మోకోల్ డబ్బా, 40 వాట్ల పాతరకం బల్బు, డిజిటల్ థర్మోస్టాట్, కంప్యూటర్లో ఉండే చిన్న ఫ్యాను, అడుగున నీళ్ల గిన్నె, గాలికి నాలుగు రంధ్రాలు. ఎల్‌ఈడీ బల్బు మాత్రం పెట్టకండి, అది వెలుగిస్తుంది గానీ చాలినంత వేడి ఇవ్వదు. ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ల పని చేసినవాణ్ణి. మీటరు చెప్పేది నమ్మే ముందు మీటరునే పరీక్షించడం మాకు అలవాటు. బజార్లో చవకగా వచ్చే థర్మామీటర్లు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తాయి. ఇక్కడ ఆ డిగ్రీయే ప్రాణం. గోరువెచ్చని నీళ్లలో దాని కొననూ, జ్వరం చూసే థర్మామీటరునూ కలిపి ఉంచి రెండూ పోల్చుకోండి. తేడా ఎంతో కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి.

వేడి తగ్గడం కంటే పెరగడం ప్రమాదం. పెట్ట కూడా మేతకోసం రోజుకోసారి కాసేపు లేచి పోతుంది, గుడ్లకేం కాదు. అదే 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలుంటే లోపలి పిల్ల బతకడం కష్టం. కరెంటు పోయినప్పుడు కంగారుపడి మూత తీసి చూస్తుంటారు. తీయకండి. రంధ్రాలు మూసుకోకుండా పైన దుప్పటి కప్పండి, చాలు. మే నెల ఎండలో మాత్రం పెట్టెను ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో పెట్టాలి.

గుడ్డుకు ఒకవైపు పెన్సిలుతో గీత, రెండోవైపు సున్నా పెట్టి, రోజుకు మూడుసార్లో ఐదుసార్లో తిప్పాలి. లేకపోతే పిండం లోపలి పొరకు అంటుకుపోతుంది. బేసి లెక్క ఎందుకంటే, రాత్రి ఎక్కువసేపు కదలకుండా ఉంటుంది గదా, రోజూ ఒకే వైపు పైకి ఉండకూడదు. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. నీళ్లలా తేటగా ఉంటే తీసేయండి. ఉంచితే మురిగి పగిలి మిగతావాటిని చెడగొడుతుంది. అప్పటిదాకా తేమ 50, 55 శాతం. 18వ రోజు తిప్పడం ఆపి, తేమ 65 పైకి తెచ్చి, మూత వేసేయాలి. ఇక తీయకూడదు.

అసలు పరీక్ష అక్కడే. పెంకుకు చిన్న బీట పడుతుంది, లోపల కిచకిచ వినపడుతుంది, తర్వాత గంటల తరబడి ఏమీ జరగదు. మొదటిసారి మా మనవరాలు "తాతయ్యా, దానికి సాయం చెయ్యి" అని ఏడ్చింది. చేయలేదు. ఆ సమయంలో పెంకు పొరలోని నరాల్లో ఇంకా రక్తం ఉంటుంది, పచ్చసొన ఇంకా పొట్టలోకి పూర్తిగా పోయి ఉండదు. మనం పెంకు ఒలిస్తే రక్తం కారి చచ్చిపోతుంది. అది 18 గంటలకు తనంతట తానే బయటికొచ్చింది. పన్నెండింటిలో ఏడు వచ్చాయి. ఒకటి బీట పెట్టి కూడా రాలేదు. పిల్ల అడిగితే ఉన్నదున్నట్టే చెప్పాను. పుట్టిన పిల్లకు పొట్టలోని సొన రెండు రోజులు ఆహారంగా సరిపోతుంది, కనుక రెక్కలు ఆరేదాకా పెట్టెలోనే ఉండనివ్వండి.

ఎత్తైన చోట్ల పోస్టింగులో ఉన్నవాళ్లకొక మాట. లేహ్ వంటి చోట గాలిలో ఆక్సిజన్ తక్కువ, గుడ్లు సరిగా పొదగవు. అక్కడ ప్రయత్నించి నిరాశపడకండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ముందు క్వార్టర్ల రూల్సు అడగండి. గుడ్లు పెట్టాక పోస్టింగ్ ఆర్డరు వస్తే పిల్లల్ని ఎవరికి అప్పగిస్తారో కూడా అనుకోండి. ఇంకోటి, వచ్చినవాటిలో సుమారు సగం పుంజులే. పొద్దున నాలుగింటికే కూస్తాయి, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. వాటిని కూరకిస్తారా, ఊరికి పంపుతారా, గుడ్లు పెట్టకముందే ఇంట్లో మాట్లాడుకోండి. సంక్రాంతి పందేలకు మాత్రం ఇవ్వకండి, అది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం.

కొక్కెర తెగులును మనదేశంలో రాణిఖేత్ జబ్బు అంటారు. మన కుమావూన్ రెజిమెంటు సెంటరున్న ఊరే అది, 1920లలో అక్కడ గుర్తించడం వల్ల ఆ పేరొచ్చింది. వస్తే మందంతా పోతుంది, మందు లేదు, టీకా ఒక్కటే దారి. ఐదు నుంచి ఏడు రోజుల లోపు లసోటా చుక్క కంట్లో వేయించండి. టీకా సీసా ఐసులో పెట్టి తెచ్చుకోవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి.

నా ఖాళీ పెట్టె బయట బల్ల మీదుంది. టీ తాగేటప్పుడు వచ్చి చూడండి, వైరింగు విప్పి చూపిస్తాను.