ఆగి అమ్ముకునే రైతు



కొత్త బియ్యం కన్న పాత బియ్యానికి ధర ఎక్కువని మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా కల్లంలోనే ధాన్యం అమ్ముకునేవారు మనలో చాలామంది. ఎందుకని అడిగితే, "ఆగితే ధర వస్తుందని మాకూ తెలుసునండీ, ఆగే వీలు ఇంట్లో ఉండొద్దూ?" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆగటానికి ఓర్పు ఒక్కటే చాలదు, ఏర్పాటు కావాలి. అటువంటి ఏర్పాటును ఇటలీ దేశంలో ఒక చిన్న రైతు కుటుంబం మూడు తరాలుగా నిలబెట్టుకుంటూ వస్తున్నది. వారి సంగతి ఈ పూట మనవి చేస్తాను. వారు అమ్మేది ద్రాక్ష వైను. తాగమని చెప్పటం నా ఉద్దేశం కాదు సుమండీ. పంటను నిలవబెట్టిన తీరు మాత్రం గమనించండి.

ఇటలీకి వాయవ్య మూల పీడ్‌మాంట్ అనే ప్రాంతం, అందులో లాంగె అనే కొండల సీమ ఉన్నవి. ఆ సీమలో బరోలో ఒక చిన్న ఊరు. ఊరి పేరే అక్కడి వైనుకూ పేరు. దానిని నెబ్బియోలో అనే ఒక్క రకం నల్లద్రాక్షతోనే చేయాలి. ఇది పెంకి రకం. త్వరగా చిగురిస్తుంది, పండటం మాత్రం ఆలస్యం. అక్టోబరులో కొండల మీద పొగమంచు దిగే వేళకు గాని కోతకు రాదు. పులుపు ఎక్కువ, తొక్కలోనూ గింజలోనూ వగరు ఎక్కువ. కొత్త వైను నోట పెడితే పచ్చి వక్క నమిలినట్టుంటుంది. ఆ వగరు మెత్తబడటానికి కాలమే మందు.

అందుకని అక్కడి నిబంధన కూడా కాలాన్నే లెక్కిస్తుంది. కోత జరిగిన ఏడు నవంబరు 1 నుంచి 38 నెలలు నిలవ ఉంచాలి, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి. అంటే 2024 అక్టోబరులో కోసిన పంట 2028 జనవరి దాకా అమ్మకానికి రాదన్నమాట. దిగుబడికీ హద్దు ఉంది. హెక్టారుకు 8 టన్నులు, మన లెక్కన ఎకరాకు సుమారు 32 క్వింటాళ్లు దాటరాదు.

మూడేళ్లకు పైగా డబ్బు కళ్లచూడకుండా చిన్న రైతు బతికేదెట్లా? పూర్వం అక్కడివారూ బతకలేకనే ద్రాక్షను కాయగానే దళారులకు అమ్మేవారు. ద్రాక్ష నిలవ ఉండే సరుకు కాదు గదా! కోసిన బండిని ఇంటికి మళ్లించలేని రైతు, చెప్పిన ధరకు తల ఊపవలసిందే. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆ కొండల యువకులు ఎందరో సేద్యం విడిచి, తూరిన్ నగరంలోని కార్ల ఫ్యాక్టరీలకు వలస పోయారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో జూలియో మస్కరెల్లో అనే ఆయన బరోలోలో తన పేరిట వైను చేసి అమ్మటం మొదలుపెట్టారు. ఆయన తరువాత కుమారుడు బార్తోలో ఆ పని సాగించి 2005లో కాలం చేశారు. ఆ తరువాత భారం ఆయన కుమార్తె మరియా తెరెసా మీద పడింది. వారి పొలం సుమారు 5 హెక్టార్లు, అంటే 12 ఎకరాలు. వారు చేసుకున్న ఏర్పాటు ఇది.

మొదటిది, త్వరగా చేతికి డబ్బు వచ్చే పంట. దోల్చెత్తో, బార్బెరా అనే ద్రాక్షలను కూడా వారు పండిస్తారు. వాటి వైనుకు అంతకాలం నిలవ అక్కరలేదు. ముందుగా అమ్ముడుపోయే ఈ సరుకు ఇంటి ఖర్చు చూస్తుంది, అప్పుడు బరోలో నింపాదిగా పీపాలో ఉంటుంది.

రెండవది, చెక్కల కలయిక. కన్నూబి, సాన్ లొరెంజో, రుయే, రోక్కె అనే నాలుగు వాలులలో వారికి తోటలున్నవి. నాలుగింటి పంటనూ కలిపి ఒకే బరోలో చేస్తారు. ఒక వాలున వడగళ్లు పడినా, ఎండ ఎక్కువైనా, మరొకటి ఆదుకుంటుంది.

మూడవది, పెద్ద పీపాలు. వేల లీటర్లు పట్టే ఓకు చెక్క పీపా దశాబ్దాల తరబడి పనిచేస్తుంది, ఏటా కొత్తది కొననక్కరలేదు. కాని దానిని శుభ్రంగా ఉంచాలి, వెలితి పడినప్పుడల్లా వైనుతో నింపాలి. లోపల గాలి చేరితే వైను పుల్లబడి ఏళ్ల శ్రమ వృథా అవుతుంది.

నాలుగవది, పేరు. 1986లో ఇటలీలో మిథనాలు కలిపిన చవక వైను తాగి 20 మందికి పైగా మరణించారు. అటువంటి సమయంలో సీసా చీటీ మీది పేరే కొనేవానికి పూచీ.

ఈ ఏర్పాటుకు పరీక్ష రాకపోలేదు. 1980 తరువాత 225 లీటర్ల కొత్త చిన్న పీపాలు వాడుకలోకి వచ్చినవి. వాటిలో వైను త్వరగా మెత్తబడుతుంది, కొత్త చెక్క వాసన పట్టుకుంటుంది. విదేశీ కొనుగోలుదారులు ఆ రుచిని మెచ్చారు. 1983లో ఎలియో అల్తారె అనే యువ రైతు తండ్రి నాటి పెద్ద పీపాలను రంపపు యంత్రంతో కోసివేశాడు. తండ్రి అతనికి ఆస్తి దక్కకుండా చేశాడు. బార్తోలో మాత్రం చిన్న పీపాలు వద్దన్నారు. ఆ మాటనే తన చేత్తో బొమ్మ గీసిన చీటీల మీద రాసి సీసాలకు అంటించారు.

అయితే పాతదంతా మంచిదని అనుకోవద్దు. పీపాలు మురికిగా ఉంటే ఎన్నేళ్లు ఆగినా వైను చెడిపోతుంది. కొత్తవారు గిడ్డంగిలో శుభ్రత నేర్పారు, గుత్తులు పలచజేసి నాణ్యం పెంచారు. ఆ మంచిని చాలామంది ఉంచుకున్నారు, పెద్ద పీపాలకు తిరిగి వచ్చినవారూ ఎందరో ఉన్నారు.

కాబట్టి సోదరులారా, ఆగదలచినప్పుడు పంటంతా ఆపవద్దు, కొంత భాగంతో మొదలుపెట్టండి. ఆ నెలలు ఇల్లు గడిపే పంటో, పాడో పక్కన చూసుకోండి. నిలవచేసే చోటు ముందుగా బాగుచేయించండి. విస్తరణ సిబ్బందికి నా మనవి ఒక్కటే. రైతును "ఆగండి" అనే ముందు, "ఆగినన్నాళ్లు జరుగుబాటు ఎట్లా?" అని అడిగి, కాగితం మీద అతనితో కలిసి లెక్క వేయండి. ఆ లెక్క కుదిరిన రైతు ధర కోసం ఆగగలుగుతాడు.