బోల్టు బిగువు కంటికి కనపడదు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో గ్యారేజి విభాగానికి చెందిన ఒక విశ్రాంత సభ్యులు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



పెన్షన్ గురించి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను ఆ పని పెట్టలేదు. "ముప్పై ఎనిమిదేళ్లు ఇంజన్ల కింద పడుకున్నావు. మనవాళ్లలో చాలామందికి ఇప్పుడు సొంత కార్లున్నాయి. పనికొచ్చే మాట ఏదైనా చెప్పు" అన్నారు. అందుకని బోల్టు బిగించడం గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇదేమి సబ్జెక్టు, పానా పెట్టి తిప్పితే బిగుస్తుంది గదా అని మీరనుకోవచ్చు. నేను కూడా 1974లో హెల్పరుగా చేరినప్పుడు అట్లాగే అనుకున్నాను. దాని ఫలితం ఏమయిందో కూడా చెబుతాను. అది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

ముందు అసలు సంగతి. బోల్టు రెండు వస్తువులను ఎట్లా పట్టి ఉంచుతుంది? మరలు పట్టుకున్నాయి కాబట్టి అనుకుంటాము. అది సగం నిజం. బోల్టును బిగిస్తే అది కొద్దిగా సాగుతుంది. ఇనుము సాగడమేమిటి అనకండి, వెంట్రుక వాసి సాగుతుంది. సాగిన స్ప్రింగు మళ్లీ ముడుచుకోవాలని చూసినట్లే బోల్టు కూడా వెనక్కు లాగుతుంది. ఆ లాగుడే సిలిండర్ హెడ్డును బ్లాకుకు అదిమిపెట్టి ఉంచుతుంది. తక్కువ బిగిస్తే సాగదు, అదుముడు చాలదు, మధ్యనున్న గ్యాస్కెట్ లీకవుతుంది. ఎక్కువ బిగిస్తే సాగిన బోల్టు వెనక్కు రాదు. దాని నడుము సన్నబడుతుంది, పట్టు పోతుంది, ఒకనాడు తెగిపోతుంది.

మరి సరిగ్గా సాగిందని మనకెట్లా తెలుస్తుంది? చేతికి తెలియదు. మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో నలభై వంతులు మరల మధ్య రాపిడికి పోతాయి. నూటికి పది వంతులే బోల్టును సాగదీయడానికి మిగులుతాయి. మరల్లో తుప్పో మట్టో ఉంటే ఆ పది కూడా మిగలవు. చేతికి మాత్రం "బాగా బిగిసింది" అనిపిస్తుంది. ఆయిల్ ఎక్కువ రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు అవసరానికి మించి సాగుతుంది. అప్పుడు చేతికి "ఇంకా బిగియలేదు" అనిపిస్తుంది.

అందుకే టార్క్ రెంచి వచ్చింది. న్యూయార్క్ నగర జలశాఖలో పనిచేసిన కోన్రాడ్ బార్ అనే ఆయన 1918లో దీన్ని తయారు చేశాడంటారు. పైపుల బోల్టులు ఎక్కువ తక్కువగా బిగించడం వల్ల వచ్చే బాధ తప్పించడానికే ఆ ఆలోచన చేశాడట. లెక్క కష్టమేమీ కాదు. ఒక మీటరు పొడవు కడ్డీ చివర పది కేజీల బరువు వేలాడదీస్తే ఎంత తిప్పుడు బలం వస్తుందో అది పది కేజీ మీటర్లు. ఇప్పటి పుస్తకాల్లో న్యూటన్ మీటర్లని రాస్తారు. ఒక కేజీ మీటరంటే సుమారు 9.8 న్యూటన్ మీటర్లు. ఆరు మిల్లీమీటర్ల సన్న బోల్టుకు ఒక కేజీ మీటరు చాలు. అరవై కేజీల మనిషి అరమీటరు పానా చివర ఎక్కి నిలబడితే ముప్పై కేజీ మీటర్లు పడుతుంది. చిన్న కారు చక్రం నట్టుకు కావలసిన దానికి అది దాదాపు మూడింతలు. రోడ్డు పక్కన పానా మీదెక్కి తొక్కేవాళ్లను చూసినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

ఇక నా సంగతి. 1975 ఎండాకాలం. మన రెండు జిల్లాల ఎండ మీకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో రేడియేటర్లో పోసేది బోరు నీళ్లు, బావి నీళ్లు. ఉప్పు నీళ్లకు రేడియేటర్ లోపల గార పట్టేది, ఇంజన్ కాగేది, హెడ్ గ్యాస్కెట్లు పోయేవి. డిపో పేరు ఎందుకులెండి. రాత్రి షిఫ్టు. ఒక బస్సుకు హెడ్డు దించి కొత్త గ్యాస్కెట్ వేసి, తెల్లవారే లోపల సర్వీసుకు ఇవ్వాలి.

మా మేస్త్రీ పద్ధతిగల మనిషి. ఆయన బెంచీ ఒక నల్లటి కడప బండ. దించిన బోల్టులను ఆ బండ మీద, ఏ రంధ్రానిది ఆ రంధ్రం వరుసలోనే పెట్టి, పక్కన సుద్దముక్కతో నెంబర్లు వేసేవారు. ఆ రాత్రి ఆయన ఇంకో బండికి ఇంజన్ దించుతున్నారు. హెడ్డు పెట్టడం నాకు అప్పగించి, "కడాకు టార్క్ రెంచి తెచ్చుకోని బిగించు" అన్నారు. అప్పట్లో మాకున్నది ముల్లు, స్కేలు ఉండే పాతరకం రెంచి. అది స్టోరు పెట్టెలో ఉంది. తాళం అడగడానికి షెడ్డు ఆ కొసకు పోవాలి. నిద్ర ముంచుకొస్తోంది. నాకేమో ఇరవై ఏళ్ల వయసు, కండ బలం. రింగు స్పానరుకు పైపు తొడిగి, చేతికి దగ్గరగా ఉన్న కొస నుండి మొదలుపెట్టి వరుసగా బిగించుకుంటూ పోయాను. రంధ్రాల్లో దిగిన నీళ్లు తుడవలేదు. చివరి రెండు బోల్టుల దగ్గర ఇంకాస్త తొక్కాను.

తెల్లవారుజామున మేస్త్రీ వచ్చి, "టార్క్ పెట్టినావా అబ్బీ?" అని అడిగారు.

"పెట్టినా మేస్త్రీ" అన్నాను.

ఆయన హెడ్డు వైపు చూశారు. చూస్తే ఏం తెలుస్తుంది? తక్కువ బిగిసినా, ఎక్కువ బిగిసినా, సరిగ్గా బిగిసినా బోల్టు తల ఒకేలాగా కనపడుతుంది. నా మాట నమ్మి రిజిస్టరులో ఆయన సంతకం పెట్టారు.

బస్సు ఉదయం రెండు ట్రిప్పులు బాగానే తిరిగింది. మధ్యాహ్నం రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాటులో, ఎక్కుడులో ఆగిపోయింది. రేడియేటర్ మూత ఎగిరి మరిగే నీళ్లు ఆవిరితో సహా బయటకొచ్చాయి. డ్రైవరుకు చెయ్యి కాలింది. యాభై మందికి పైగా ప్రయాణికులు, చంటిబిడ్డల తల్లులు కొండ మీద ఆ ఎండలో తాగడానికి చుక్క నీళ్లు లేకుండా రెండు గంటలు కూర్చున్నారు. నిండు చూలాలు ఒకామెను లారీలో కూర్చోబెట్టి పంపించారు. ఆమె క్షేమంగా ఇల్లు చేరిందని మూడో రోజు తెలిసేదాకా నాకు అన్నం దిగలేదు.

హెడ్డు మళ్లీ దించారు. చివరి రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది. సిలిండర్లోని మంట నీళ్లదారిలోకి కొట్టింది. మేస్త్రీ ఒక బోల్టు తీసి కడప బండ మీద కొత్త బోల్టు పక్కన పెట్టి దొర్లించారు. నడుము సన్నబడి, కొత్తదానికంటే పొడుగైంది. ఆయన ఏమీ అనలేదు. విచారణ జరిగింది. రిజిస్టరులో సంతకం ఎవరిదో వారికే మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు కోసేశారు. నేను ఇంకా పర్మినెంటు కాలేదు, చెబితే ఉద్యోగం పోతుందని భయపడి నోరు విప్పలేదు.

మరుసటి వారం నుండి ఆయన నాకొక పనిపెట్టారు. హెడ్డు దించిన ప్రతిసారీ ఒక నోటు పుస్తకంలో బోల్టు నెంబరు, ఎంత టార్క్ పెట్టినానో నేనే రాసి, నేనే సంతకం పెట్టాలి. ఆయన నేర్పిన పద్ధతి ఇది.

ఒకటి, విప్పేటప్పుడు బయటి బోల్టుల నుండి మధ్యకు, కొంచెం కొంచెంగా విప్పాలి. ఇంజన్ చల్లారకుండా ముట్టుకోకూడదు. ఇది అల్యూమినియం హెడ్డుకు మరీ ముఖ్యం. వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడి మీద విప్పితే హెడ్డు వంకరపోతుంది.

రెండు, బోల్టు మరలు, రంధ్రం మరలు శుభ్రం చేయాలి. అడుగు మూసిన రంధ్రంలో నీళ్లుగాని ఆయిల్‌గాని నిలిస్తే, బోల్టు దిగేకొద్దీ దానికి పోయే దారి లేక బ్లాకే పగలవచ్చు.

మూడు, బిగించేటప్పుడు మధ్య నుండి బయటికి, చాప పరిచి ముడతలు చేత్తో అంచులకు తోసినట్లు బిగించాలి. అదీ ఒక్కసారిగా కాదు. మూడు విడతలుగా, ప్రతి విడతలో అన్ని బోల్టులనూ ఒకే లెక్కకు తెచ్చి, తరువాతి విడతకు పోవాలి.

నాలుగు, అంకె కంపెనీ పుస్తకంలోది కావాలి. ఆయిల్ రాయాలా వద్దా అన్నది కూడా పుస్తకమే చెప్పాలి.

ఇప్పటి కార్లలో ఇంకొక మార్పు వచ్చింది. చాలా ఇంజన్లకు మొదట కొద్ది టార్క్ పెట్టి, ఆ తరువాత ఇన్ని డిగ్రీలు తిప్పమని రాస్తారు. రాపిడిని నమ్ముకోకుండా సాగుడునే కొలిచే పద్ధతి అది. అటువంటి బోల్టులను చాలావరకు ఒక్కసారే వాడాలి, విప్పితే కొత్తవి వేయాలి. "పాతవి బాగానే ఉన్నాయి సార్, డబ్బు దండగ" అని షెడ్డు కుర్రవాడు అంటే, పుస్తకం చూపించమనండి. వెనుకటి ఇంజన్లకు కొన్నాళ్లు తిరిగాక హెడ్డు మళ్లీ బిగించేవాళ్లం. ఇప్పటి స్టీలు గ్యాస్కెట్లకు సాధారణంగా ఆ అవసరం లేదు.

ఇది బస్సులకు, కార్లకే పరిమితమైన సంగతి కాదు. 1990 జూన్ 10న ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నుండి స్పెయిన్‌కు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి 17,300 అడుగుల ఎత్తున ముందు అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని కూర్చున్నారు, సహ పైలట్ విమానాన్ని దించాడు. ఆయన బ్రతికి మళ్లీ విమానం నడిపాడు కూడా. విచారణలో తేలిందేమిటంటే, అంతకు ముందే రాత్రి షిఫ్టులో అద్దం మార్చి, 90 బోల్టులు వేశారు. పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి తెచ్చారు. వాటిలో 84 కొద్దిపాటి సన్నవి, 6 పొట్టివి. బయటి నుండి చూస్తే తేడా తెలియలేదు. ఆ నివేదిక గురించి చదివినప్పుడు నాకు నా 1975 రాత్రి గుర్తొచ్చింది. అక్కడా రాత్రి షిఫ్టే, అక్కడా తొందరే.

ఇంట్లో కారున్నవారు ముఖ్యంగా మూడు సంగతులు చూసుకోండి. చక్రం మార్చినప్పుడు నట్లను ఎదురెదురుగా, రెండు విడతలుగా బిగించమనండి. గాలి గన్నుతో టర్రుమని కొట్టి వదిలేస్తే ఒప్పుకోవద్దు, చివరి బిగింపు టార్క్ రెంచితో చేయమనండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించండి. కంపెనీ చెప్పనిదే ఆ మరలకు ఆయిల్ రాయనీయకండి. రెండోది, ఆయిల్ మార్చేటప్పుడు కింది డ్రెయిన్ ప్లగ్గు. అల్యూమినియం చాంబర్లో అది ఎక్కువ బిగిస్తే మర పోతుంది. మూడోది, స్పార్కు ప్లగ్గులు చల్లటి ఇంజన్ మీదనే విప్పించండి. సొంతంగా టార్క్ రెంచి కొనుక్కునేవారు దానితో బోల్టులు విప్పకండి. క్లిక్కుమనే రకమైతే పని అయ్యాక స్కేలు కిందికి తిప్పి పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు దెబ్బతిని తప్పు లెక్క చూపిస్తుంది.

చివరిగా మేస్త్రీ సంగతి. 1988లో నాకు ప్రమోషను వచ్చిన రోజు ప్రొద్దుటూరులో వారింటికి పోయాను. అప్పటికి ఆయన రిటైరయి నాలుగేళ్లయింది. నిజం చెప్పి కాళ్లకు దండం పెట్టాను. ఆయన, "తెలుసు లేరా అబ్బీ. ఆ పొద్దున్నే పైపు బండ కింద చూసినా. అప్పటికే బండి పోయుండె" అన్నారు. "మరి విచారణలో ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?" అన్నాను. "సంతకం నాది గదా. చూడకుండా పెట్టినా. అది నా తప్పు. నీ తప్పు నువ్వు పుస్తకంలో రాసుకుంటాంటివి గదా" అన్నారు. ఇంక్రిమెంటు సంగతి ఎత్తనే లేదు. ఆ ఒక్క ఇంక్రిమెంటు కోత ఆయన రిటైరయ్యే దాకా వెంట వచ్చిందని ఆ నోట్లు చూసిన మీలో కొందరికి తెలుసు.

ఆయన ఇప్పుడు లేరు. పేరు వేయవద్దని ఇంటివారు కోరారు. కాని ఆయన కింద పనిచేసినవారు ఈ సభలో పదిమంది దాకా ఉన్నారు, ఎవరో మీకు తెలుసు. ఆయన ఒకసారి పని అశ్రద్ధగా చేశాడని మీరు ఇన్నేళ్లు అనుకున్నారు. ఆ బోల్టులు బిగించింది నేను. టార్క్ పెట్టానని అబద్ధం చెప్పింది నేను. ఈ మాట మన సంచికలో అచ్చు కావాలనే కార్యదర్శి గారు పిలవగానే ఒప్పుకున్నాను.

ఆ నోటు పుస్తకాలు పదకొండు నా దగ్గర ఉన్నాయి. ఐ.టి.ఐ. చదివే పిల్లలెవరైనా చూడాలంటే ఇంటికి పంపించండి, కూర్చోబెట్టి చెబుతాను.