మోకాలి ఆపరేషన్‌కు ముక్కులో పరీక్ష ఎందుకు?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ బడి పంతుల్ని, డాక్టర్ని కాను. అయినా ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరారు కనుక, మా ఇంట్లో జరిగిన సంగతే మీ ముందుంచుతాను. అందులో తప్పు నాదే.

మా అమ్మీకి మోకాళ్ళు అరిగిపోయి చాలా ఏళ్ళు బాధపడింది. కుర్చీలో కూర్చుని నమాజు చదువుకునేది. కీలు మార్పిడికి డబ్బు కూడబెట్టుకునే సరికి 2020 మార్చిలో కరోనా వచ్చి పడింది. వాయిదా వెయ్యదగ్గ ఆపరేషన్లు ఆపమని కేంద్ర ఆరోగ్య శాఖ ఆసుపత్రులకు సూచించింది. మామిడి కోతలో చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న వాడి సంగతి వేరు. అది ఆగదు, ఆగకూడదు. అరిగిన మోకాలు ఆగగలదు.

ఆ ఏడు సెప్టెంబరులో విజయవాడలో ఒక ఆసుపత్రి వారు తేదీ ఇచ్చారు. "ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నాయా?" అని నర్సమ్మ అడిగింది. వారం కిందటే మా పిల్లకు జ్వరం వచ్చి తగ్గింది. తేదీ పోతుందన్న భయంతో, "ఎవరికీ లేదండీ" అనేశాను.

"పిల్లకి వచ్చింది కదా బేటా" అంది అమ్మీ.

"నువ్వూరుకో అమ్మీ" అన్నాను. అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించే పంతుల్ని నేను!

ముక్కులోంచి తీసిన పరీక్షలో అమ్మీకి పాజిటివ్ వచ్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు. ఆపరేషన్ ఆగింది. "మోకాలికీ ముక్కుకీ ఏమిటండీ సంబంధం?" అని వాదించాను. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. 2020 మేలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, 24 దేశాల్లో కరోనా ఉండగా ఆపరేషన్ జరిగిన 1,128 మందిని చూశారు. సగం మందికి ఊపిరితిత్తుల చిక్కులు వచ్చాయి; నెల తిరిగేలోగా నూటికి సుమారు 24 మంది చనిపోయారు. ఎక్కువమంది అత్యవసర రోగులే గాని, ముందే తేదీ పెట్టుకుని చేయించుకున్న వారిలోనూ మరణాలు తక్కువేమీ కాదు. పైగా ఎముకను రంపంతో కోసి, డ్రిల్లు వేసేటప్పుడు తుంపర్లు లేస్తాయి. థియేటర్లో వాళ్ళకీ, పక్క మంచం వాళ్ళకీ ప్రమాదమే.

మన నూజివీడు వాళ్ళకు టెంక పురుగు తెలుసు. కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తేగాని బయటపడదు. ఈ జబ్బూ అంతే. అలాగని పరీక్ష కూడా ఒక్కోసారి తప్పిపోతుంది; అందుకే పరీక్షతో పాటు ప్రశ్నలూ అడిగేవారు. నేను ఆ రెండో కాపలాను నా చేతులతో తీసేశాను. పరీక్ష తప్పి ఉంటే అమ్మీ ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

జబ్బు వచ్చాక ఏడు వారాలైనా ఆగడం మేలని 2021 మార్చిలో మరో పెద్ద అధ్యయనం చెప్పింది. మేము అంతకంటే ఎక్కువే ఆగి, 2021 జనవరిలో ఆపరేషన్ చేయించాం.

ఇప్పుడా పరీక్ష అందరికీ చెయ్యడం లేదు. ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. పంట్లో చీము, కాలి మీద పుండు, మూత్రంలో మంట, జ్వరం, ఏదున్నా దాచకండి. ఆ క్రిములు నెత్తురు వెంట కొత్త కీలు దాకా పోగలవు. తేదీ పోతే ఇంకో తేదీ వస్తుంది.

అమ్మీ నేటికీ డాక్టరు సలహా మీద కుర్చీలోనే నమాజు చదువుతుంది. కాని తోట గట్టు దాకా తన కాళ్ళ మీదే నడిచి వస్తుంది. ఎవరైనా ఆపరేషన్‌కు వెళ్తుంటే ఆవిడ చెప్పే మాట ఒక్కటే: "ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మావాడిలా చెయ్యకండి."

సెలవు. ఖుదా హాఫిజ్.