దాణా సంచిపైని చీటి



పాలకేంద్రమునకు రైతు తెచ్చిన పాలను పూటపూటకు పరీక్షింతురు. వెన్న ఒక పిసరు తగ్గినచో ధర తగ్గును. ఆ రైతు కొను దాణాకు అంగడిలో అట్టి పరీక్ష లేదు. పాలు తగ్గినప్పుడు అతడు గేదె సుడిని నిందించునే కాని సంచిపైని చీటిని శంకింపడు. ఆ చీటి అమ్మువాడు కొనువానికి వ్రాసియిచ్చిన వాగ్దానమని మనమెరుగవలెను.

మోసము జరుగు తెన్ను వినుడు. దాణాలోని మాంసకృత్తులను తెలిసికొనుటకు సాధారణముగా నత్రజనిని కొలిచి, ఆ యంకెను 6.25 చేత హెచ్చవేయుదురు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని కలదు. కావున కిలో యూరియా కలిపినచో, లెక్కలో 2.875 కిలోల మాంసకృత్తులు ఉన్నట్లే కనబడును. చెక్క తగ్గును, చీటిపైని యంకె తగ్గదు. నెమరువేయు పశువు కొలదిగా యూరియాను అరిగించుకొనగలదు. మితిమీరినచో అదియే విషమగును.

పట్టణమున పాలు కొని త్రాగు మనకిందేమి పని యందురేమో! బూజుపట్టిన వేరుశెనగ చెక్కలోని అఫ్లటాక్సిన్ పశువు దేహమున రూపుమారి పాలలోనికి దిగును. దాణాలోని మోసము మన బిడ్డల గిన్నెవరకు వచ్చును.

చట్టము లేదా? 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము పశువుల దాణాను ‘ఆహారము’ అను నిర్వచనమునుండి తొలగించినది. ఆంధ్రప్రదేశమున 2020లో పశువుల దాణా తయారీని, నాణ్యతను, విక్రయమును నియంత్రించుటకు ప్రత్యేక చట్టము చేసిరి. సంతోషమే. కాని యే చట్టమును తనంతట తాను అంగడికి నడచిరాదు. నమూనా తీయు అధికారియు, దానిని శోధించు పరీక్షాలయమును, సాక్ష్యము నిలుపు కొనుగోలుదారుడును ఉన్ననాడే అది పనిచేయును.

మూడవది మన చేతిలోనిది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, బ్రతుకుతెరువునకై స్వయముగా పాడి చేసికొనువాడును వినియోగదారుడే. సరకునకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. గడువు రెండేండ్లు. జిల్లా కమిషను నమూనాకు ముద్రవేసి పరీక్షాలయమునకు పంపగలదు. ఆ పరీక్ష ఖర్చును మాత్రము ఫిర్యాదిదారు ముందుగా కట్టవలసివచ్చును.

అయినను అరువుకు సంచి తెచ్చుకొను రైతు బిల్లడుగుటకు జంకును. బిల్లు లేని రైతు న్యాయస్థానమున నోరులేని పశువుతో సమానుడు. కావున మీ బంధుమిత్రులలో పాడిగలవారికి మూడు మాటలు చెప్పుడు: బిల్లు అడుగుడు, చీటిని చింపక దాచుడు, అదే సరకులో ఒక సంచిని విప్పక యుంచుడు. ఫిర్యాదు వ్రాసిపెట్టుట మావంటి న్యాయవాదుల వంతు. ఈ మాటను పల్లెకు చేర్చుట మీ వంతు.