పెద్దకుక్క యున్న యింటికి పసికుక్కపిల్ల
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ వేదికపై ఇంతకుముందు శతకములను గూర్చియు, బుర్రకథను గూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. అట్టి చోట కుక్కపిల్లను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని గడచిన చలికాలములో మన సభ్యుల యిండ్లలో నాలుగైదింటికి కుక్కపిల్లలు వచ్చినవనియు, వానిలో మూడిండ్లలో అప్పటికే పెద్దకుక్క యున్నదనియు, ఏమి చేయవలెనో తోచక అందరును తికమకపడుచున్నారనియు చెప్పి కార్యదర్శిగారు ఈ భారమును నాపై నుంచిరి. నేను పశువైద్యుడను కాను. చరిత్ర చదివి, సెక్రటేరియట్‌లో ఫైళ్ళు చూచుకొనువాడను. ఇరువదియేండ్లుగా ఇంట కుక్కలను పెంచుచు, వైద్యులు చెప్పినది శ్రద్ధగా విని, దొరికిన పుస్తకములు చదివి తెలిసికొన్నదే నా పెట్టుబడి.

మన కార్యాలయములలో కొత్త ఫైలును పాత ఫైలుతో కలుపవలసివచ్చినప్పుడు ఒక ట్యాగు గుచ్చి, "జతపరచి సమర్పించడమైనది" అని వ్రాసి చేతులు దులుపుకొందుము. ఇంటికి రెండవ కుక్కను తెచ్చువారు చేయునదియు సాధారణముగా ఇదియే. తలుపు తీసి, పిల్లను నేలపై దింపి, "అవే సర్దుకుంటాయి లెండి" అందురు. ఒకప్పుడు ఆ మాట కొంత చెల్లినది. సరోజినీనగరు, నేతాజీనగరు పాత క్వార్టర్లలో క్రిందియింటివారికి ముందు కొంత పచ్చిక, వెనుక కొంత పెరడు ఉండెడివి. ఒక కుక్కకు మరియొకటి నచ్చనిచో దూరముగా పోయి పడుకొనుటకు చోటుండెడిది. ఆ కాలనీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్రమంత్రివర్గము ఆమోదము తెలిపిన పిదప పాతయిండ్లు కూలి, ఎత్తైన మేడలు లేచినవి. ఏడవ అంతస్తులోని మూడుగదుల యింటిలో 30 కిలోల కుక్కకు 2 కిలోల పిల్ల ఎదురుపడినచో, వెనుకకు తగ్గుటకు రెండింటికిని చోటు లేదు. ఆ చోటు మనము కల్పింపవలసినదే.

ఈ 30 కిలోలకు 2 కిలోలు అను లెక్కను ఒక్క క్షణము మనసున నిలుపుకొనుడు. పదునైదింతలు! 70 కిలోల మనిషి ముందు రెండు గేదెల యెత్తు గల జంతువు వచ్చి నిలిచినట్లన్నమాట. ఆ పెద్దదానికి పగ యుండనక్కరలేదు, కోపము నుండనక్కరలేదు. ఆటకై ముందుకాలు మోపినను పసియెముక విరుగవచ్చును. పైగా పిల్ల కీచుమని అరచి పరుగెత్తినప్పుడు, ఎంతటి సాధువైన కుక్కలోనైనను వేటబుద్ధి ఒక్కసారిగా మేలుకొనవచ్చును. మంచికుక్కలవలన పిల్లలు చనిపోవుట ఇట్లే జరుగుచున్నది.

తెచ్చుటకు ముందు పిల్ల వయస్సు చూడవలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను విక్రయింపరాదని 2017నాటి కుక్కల పెంపక విక్రయ నియమములు చెప్పుచున్నవి. ఇది కాగితముమీది నియమము మాత్రము కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలమునందే కుక్క తనవారెవరో, పైవారెవరో నేర్చుకొనునని వారు చూపిరి. ఆ కాలపు తొలిభాగమున దానికి గురువులు తల్లియు తోబుట్టువులును. గట్టిగా కొరికినచో తల్లి లేచిపోవును, తోబుట్టువు ఆట మానును. "చాలు" అను మాటకు కుక్కల భాషలో అర్థము అక్కడనే తెలియును. నాలుగు వారములకే తెచ్చిన పిల్లకు ఆ మాట రాదు. రేపు మీ పెద్దకుక్క "చాలు" అన్నను అది వినిపించుకొనదు. ఢిల్లీలో వీధికుక్కలు ఎక్కువగా చలికాలపు మొదటనే ఈనును. మెట్లక్రింద వణకుచున్న పిల్లను చూచి మన పిల్లలు జాలితో ఎత్తుకొనివత్తురు. ఆ జాలిని నేను తప్పుపట్టను. కాని తల్లి తిండికై పోయియుండవచ్చును. కొంత తడవు దూరమునుండి కనిపెట్టి చూచి, ఒక గోనెపట్టాయు తల్లికింత అన్నమును అక్కడనే పెట్టుట అనేక పర్యాయములు ఉత్తమమైన సాయము.

రెండవది టీకా. కుక్కలకు వచ్చు పార్వో వ్యాధి 1978లో గుర్తింపబడినది. రక్తవిరేచనములతో పసిపిల్లలను రెండుమూడు రోజులలో తీసికొనిపోగలదు. దాని విషక్రిమి నేలలో నెలల తరబడి నిలిచియుండును. పిల్లకు ఆరెనిమిది వారముల వయస్సున మొదలుపెట్టి, మూడునాలుగు వారములకొకసారి చొప్పున, పదునారు వారములు నిండువరకు టీకాలు వేయింపవలెను. పెద్దకుక్క టీకాలకు గడువు దాటినదేమో కూడ ఆ పూటనే చూచుకొనవలెను. పాశ్చాత్యులు వ్రాసిన పుస్తకములలో రెండు కుక్కలను మొదట పార్కులో కలుపుడని యుండును. ఎవరి హద్దును కాని చోట కలుపవలెనను ఉద్దేశము మంచిదే. కాని వీధికుక్కలు నిత్యము తిరుగు మన పార్కులలో టీకాలు పూర్తికాని పిల్లను నేలపై దింపుట ప్రమాదము. కావున ఇతర కుక్కలు రాని మేడపైకప్పో, స్నేహితుల వరండాయో మేలు.

అంతకన్న మేలైనది ఒకటి మన క్వార్టర్లలోనే యున్నది. అది జాలీ తలుపు. దోమలకొరకు పెట్టిన ఆ వలతలుపు కుక్కల పరిచయమునకే చేసినట్లుండును. వాసన పోవును, చూపు పోవును, పన్ను పోదు. మా యింటి కుక్క పేరు గజ. లాబ్రడారు సంకరము. తొమ్మిదేండ్లది, 34 కిలోలు. బుడిగి యను పిల్లను తెచ్చినప్పుడు మేము దానిని వెనుక గదిలో నుంచి, పదునొకండు దినములు జాలీ తలుపు తెరువలేదు. తెచ్చుటకు రెండు దినముల ముందే పిల్ల పడుకొన్న గుడ్డను తెచ్చి గజకు దూరముగా ఒక మూల వేసితిమి, ముక్కుకడకు తీసికొనిపోలేదు. మనకు చూపు ఎట్టిదో కుక్కకు వాసన అట్టిది. తానై పోయి మూచూచిన వాసన పరిచయమగును. మనము ముఖమునకు అద్దిన వాసన బలవంతమగును.

తలుపు తెరచు దినమున పెద్దకుక్కను బాగుగా నడిపించి తీసికొనిరావలెను. తిండిగిన్నెలు, ఎముకలు, బంతులు అన్నియు తీసివేయవలెను. ఇద్దరు మనుష్యులు కావలెను, ఒక్కొక్క కుక్క కొక్కరు. త్రాడు ఉండవలెను గాని వదులుగా ఉండవలెను. త్రాడు బిగిసినచో కుక్క మనసును బిగియును. పిల్లను చేతులలో ఎత్తిపట్టి పెద్దదాని ముఖమునకు చూపరాదు. ఎత్తున నున్న వస్తువునకై ఎగురుట కుక్కకు సహజము. అయిదు నిమిషములు చాలును. అంతయు సవ్యముగా నున్నప్పుడే ముగింపవలెను.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాను. పిల్లకు 28 పాలపండ్లు, సూదులవంటివి. అది పెద్దదాని చెవి పట్టుకొని వ్రేలాడును, తోకను నమలును, నిద్రపోవుచుండగా ముఖముపైకెక్కును. పెద్దది గుర్రుమనును. అప్పుడు ఇంటివారందరును ఏకకంఠముగా పెద్దదానినే గద్దింతురు. "సిగ్గులేదూ, పసిదాన్ని పట్టుకుని!" అందురు. వార్తాపత్రిక చుట్టి ఒకటి తగిలించువారును గలరు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని సామెత. ఇక్కడ కాటైనను లేదు, చెప్పుదెబ్బ మాత్రము పడుచున్నది. మొరిగే కుక్క కరవదని మరియొక సామెత మనకు కలదు. దానిని అక్షరాల నమ్మరాదు. అయినను అందులో ఒక నిజము దాగియున్నది. నోటితో చెప్పగల కుక్కకు పంటితో చెప్పవలసిన అవసరము తక్కువ. ఆ నోటిని మనమే మూయించినచో దానికి మిగులునది పన్ను మాత్రమే.

మా కాలనీలో ఒకరి యింట జరిగినది చెప్పెదను. వారు మంచివారు, ప్రాణులయెడ దయ గలవారు. ఏడేండ్ల అల్సేషియను జాతి కుక్క యున్న యింటికి గుప్పెడు పొమరేనియను పిల్లను తెచ్చిరి. పెద్దది మొదటి మూడు దినములు గుర్రుమన్నది. గుర్రుమన్నప్పుడెల్ల దెబ్బ పడినది. నాలుగవనాటికి అది నోరు మూసికొన్నది. పిల్ల దగ్గరకు వచ్చినచో ముఖము త్రిప్పుకొని, బిర్రబిగిసి నిలుచుచుండెను. "దారికి వచ్చింది" అని యింటిల్లిపాదియు సంతోషించిరి. తొమ్మిదవ దినమున భోజనాలబల్లక్రింద ఒక రొట్టెముక్క పడినది. రెండును దానికై వంగినవి. చప్పుడేమియు వినరాలేదు. ఆ యింటి పెద్దకుమారుడు పిల్లను తువ్వాలులో చుట్టి మెట్లు దిగి పరుగెత్తుచుండగా నేను ఎదురుపడితిని. వైద్యుని యింటి గేటు చేరకముందే దాని ప్రాణము పోయినది. మరుసటి వారము పెద్దకుక్కను ఎవరికో ఇచ్చివేసిరి. ఏడేండ్లు తమ మంచముక్రింద పడుకొన్న కుక్క అది. అది మోటారెక్కునప్పుడు తోక ఊపినదని ఆ యింటి యిల్లాలు నా భార్యతో చెప్పి కంట నీరు పెట్టుకొన్నది.

దీనిని తలచుకొన్నప్పుడు నాకు భారతములోని సరమ కథ జ్ఞప్తికి వచ్చుచుండును. స్వర్గారోహణవేళ ధర్మరాజు వెంట నడచిన కుక్కను మనమందరము ఎరుగుదుము. ఆదిపర్వపు తొలిభాగమునందే మరియొక కుక్క యున్నదని కొందరే తలంతురు. జనమేజయుని సత్రయాగశాలకు సరమ కొడుకు ఆడుకొనుచు పోగా, రాజు తమ్ములు దానిని కొట్టి తరిమిరి. హవిస్సును ముట్టలేదు, కనులతోనైన చూడలేదు, నా బిడ్డ నేల దెబ్బలు తినవలెనని ఆ దేవశుని నిండుసభలో అడిగినది. రాజు జవాబు చెప్పలేకపోయినాడు. ఊహింపని భయము మీకు వచ్చునని శపించి ఆమె వెడలిపోయినది. కుక్క రాజును నిలదీయు ఘట్టముతో కథ నెత్తుకొన్న ఆ కవుల న్యాయదృష్టి నన్ను ఇప్పటికిని ఆశ్చర్యపరచుచుండును.

అట్లైన గుర్రుమన్నప్పుడు మనమేమి చేయవలెను? పెద్దదానిని ఒక్క మాట అనక, పిల్లను ఎత్తి అవతలకు తీసికొనిపోవలెను. చెప్పినచో వినువారున్నారని పెద్దదానికి తెలిసినచాలును. రెండవమారు అది గుర్రుమనుటకు ముందే మనకు కనబడు గుర్తులు కొన్ని గలవు. నిద్ర రాకున్నను ఆవులించును. పెదవులు నాకుకొనును. తల అటు త్రిప్పియు కన్ను మాత్రము ఇటు నిలిపి, తెల్లగ్రుడ్డు కనబడునట్లు చూచును. ఇవి మొదటి మనవులు. కదలక మెదలక, తోక నిలిపి, నోరు మూసి కొయ్యబారినదా, అది చివరి మనవి. తోక ఊపుచున్నది గనుక సంతోషముగా నున్నదనుకొనుటయు సరికాదు. బిగిసిన మేనితో తోకకొన మాత్రము కదలినచో జాగ్రత్త వహింపవలెను.

సంతోషముగా నున్న కుక్కను చూచుటయే వేరు. పదునేడవనాడనుకొందును, మా గజ ముందుకాళ్ళు నేలకు చాచి, వెనుకభాగము పైకెత్తి బుడిగిని ఆటకు పిలిచినది. పిదప తానే వెల్లకిల పడుకొన్నది. 34 కిలోల ఆ జీవము తన పొట్టపై ఆ పిల్లను ఎక్కనిచ్చి, ఓడిపోయినట్లు కాళ్ళాడించుచుండెను. తాతగారు మనుమనితో కుస్తీ పట్టి క్రింద పడిపోవుట మీరు చూడలేదా? బలముగల కుక్క తన బలమును తగ్గించుకొని ఆడుట స్నేహమునకు నిజమైన గుర్తు. అప్పుడును ఒక పరీక్ష చేయవచ్చును. పిల్లను క్షణకాలము పట్టి ఆపుడు. పెద్దది "ఏదీ, రానీ" అన్నట్లు దగ్గరకు వచ్చినచో ఆట సాగనిండు. ఇదే సందని లేచిపోయినచో ఆట ముగింపుడు.

తిండి వేరు గదులలో పెట్టవలెను. ఇది ఎన్ని నెలలైనను మార్చరాదని నా అభిప్రాయము. పెద్దది పోయి పడుకొనుటకు పిల్ల చేరలేని చోటొకటి ఉండవలెను. మనుష్యులు లేని యింట రెండింటిని కలిపి విడువరాదు. ఎంతకాలము అని అడుగుదురు. పిల్ల పెరిగి, దాని మేను కొంత గట్టిపడి, పెద్దదాని మాట అర్థము చేసికొన్నదని మీకు దృఢముగా తోచువరకు. ఆరునెలలు తక్కువ గడువేమియు కాదు. ఎదిగినను నాలుగైదు కిలోలు దాటని జాతియైనచో, ఎన్నడును విడువకుండుటయే మేలు. భార్యాభర్తలిద్దరును తొమ్మిదింటికి బయలుదేరి సాయంకాలము ఏడింటికి ఇల్లు చేరు మన వంటివారికి ఇది కష్టమే. మొదటి పది దినములకైనను ఆర్జిత సెలవు పెట్టుకొనుడు. శిశుసంరక్షణ సెలవు దీనికి వర్తింపదని మనవి చేయుచున్నాను. అంతకును వీలులేనిచో ఈ సంవత్సరము పిల్లను తేకుండుటయు ఒక మంచి నిర్ణయమే.

మరియొక్క మాట. పిల్ల వచ్చిన యింట పెద్దకుక్క షికారు మొదట తగ్గిపోవును. అందరి చేతులును పిల్లతోనే నిండియుండును. ఆ ఒక్క అరగంటయు తగ్గింపకుడు, పిల్లను వెంట తీసికొనిపోకుడు. మా యింట ఇప్పటికిని సాయంకాలపు షికారు గజ ఒక్కదానిదే. బుడిగి జాలీ తలుపు వెనుక నిలిచి అరచుచుండును. గజ ఒకసారి వెనుదిరిగి చూచి, లిఫ్టువైపు నడచును.

టీకాల గడువులను ఒక కాగితముపై వ్రాసి కొన్ని ప్రతులు తెచ్చితిని. కావలసినవారు సభానంతరము కార్యదర్శిగారియొద్ద తీసికొనవచ్చును. మీ కుక్కల వయస్సు, బరువు చెప్పి అడుగదలచినవారు టీ వేళ నన్ను కలియుడు.